గుడ్డుతో వండిన ఫిలిప్పీన్స్ కాకరకాయ: కూరగా ఎంత మేలు, మందుగా ఎంత నమ్మకం

మీ ప్రశ్నను ముందు ఒకసారి చెప్పుకుంటాను. మీ అమ్మాయి ఫిలిప్పీన్స్‌లోని దవావోలో వైద్యవిద్య చదువుతోంది. కళాశాల దగ్గరున్న చిన్న భోజనశాలలో వారానికి రెండు మూడు సార్లు కోడిగుడ్డు వేసి వండిన కాకరకాయ కూర తింటోంది. ఇది తింటే రక్తం పడుతుందని, షుగర్ తగ్గుతుందని అక్కడివాళ్లు ఆమెతో అన్నారు. మీవారికి పదేళ్లుగా మధుమేహం ఉంది, మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. సెలవులకు వచ్చేటప్పుడు నాన్న కోసం అక్కడి కాకర గుళికలు తెస్తానంటోంది. కూర మంచిదేనా, గుళికలు వాడవచ్చా అని మీరు అడిగారు.

కూరను నిశ్చింతగా తినమనండి. గుళికలు మాత్రం తేవద్దనండి. కూరగా చూస్తే కాకరకాయ మేలైన ఆహారం, అందులో నాకు సందేహం లేదు. మందుగా దాని నెత్తిన పెట్టిన బరువు మాత్రం అది మోయగలిగిన దానికన్నా చాలా ఎక్కువ. నేను పోషకాహార నిపుణురాలిని. ఇరవై రెండేళ్ల వృత్తిలో ఆరేళ్లు మనీలాను ఆనుకుని ఉన్న కెజోన్ సిటీలో గడిచాయి. ఈ కూర అక్కడ నా రోజువారీ భోజనం, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

కాకరకాయ అనేవాడు కాశీకి వెళ్లొచ్చి కీకరకాయ అన్నాడని మనకు సామెత ఉంది. మీ అమ్మాయి కాకరకాయను 'ఆంపలాయా' అంటే మీరు అలా నవ్వుకోనక్కరలేదు. మొక్క ఒకటే అయినా కాయ తీరు వేరు. అక్కడి మార్కెట్లలో ఎక్కువగా దొరికేది మన కాయకన్నా పొడుగ్గా, లేత ఆకుపచ్చగా ఉంటుంది. పైన మన కాయకున్నట్టు మొనదేలిన బొడిపెలు కాకుండా గుండ్రని వెడల్పాటి గట్లు ఉంటాయి. కండ మందం, నీరు ఎక్కువ, చేదు కొంచెం తక్కువ. దీన్ని మీరు గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే మన కాయతో అదే కూర వండితే చేదు ఇంకాస్త గట్టిగా తగులుతుంది.

మా ఇంటి యజమానురాలు అరవై దాటిన మనిషి. తల్లి వయసు ఆడవాళ్లను అక్కడ 'తీతా' అని పిలుస్తారు, మనం పిన్నిగారూ అన్నట్టే. ఈ కూరను నేను మొదట చూసింది ఆవిడ వంటగదిలో. కాయను నిలువుగా రెండు చెక్కలు చేసి, చెంచాతో గింజలూ తెల్లటి గుజ్జూ గీకేసి, చెక్కను బోర్లించి నెలవంకల్లాంటి పలచని ముక్కలుగా కోసేవారు. మూకుడులో నూనె కాగాక ముందు వెల్లుల్లి, అది బంగారు రంగుకు తిరగగానే ఉల్లిపాయ, ఉల్లి మెత్తబడ్డాక టమాటా. టమాటాను గరిటె వెనుక భాగంతో నొక్కి నొక్కి గుజ్జు చేసేవారు. ఈ మూడింటితో కూర మొదలుపెట్టే పద్ధతిని 'గిసా' అంటారు. స్పానిష్ వాళ్ల కాలంలో వచ్చిన మాట అది. మనకు తాలింపు ఎలాగో వాళ్లకు గిసా అలాగ. అందుకే ఈ కూర పేరు 'గినిసాంగ్ ఆంపలాయా'.

ముక్కలు మూకుడులో పడ్డాక ఆవిడ గరిటె పక్కన పెట్టేశారు. నేను అలవాటుగా కలపబోతే నా చేయి పట్టుకుని ఆపారు. కలిపితే కూర చేదెక్కుతుందని అక్కడ ఇంటింటా నమ్మకం. కలపకపోతే ముక్క చితకదు, దాని రసం కూరంతా పాకదు, అందుకే ఆ నమ్మకం నిలిచిందని నాకు అనిపిస్తుంది. మూడు నాలుగు నిమిషాల్లో ముక్కల పచ్చదనం ముదిరి మెరుస్తుంది. అప్పుడు గిలకొట్టిన గుడ్లు చుట్టూ పోసి, అవి గట్టిపడగానే దింపేస్తారు. ముక్క పంటికింద ఇంకా కరకరమనాలి. మెత్తబడితే ఆవిడ దృష్టిలో కూర చెడిపోయినట్టే.

తింటుంటే ముందు గుడ్డు మెత్తదనం, ఆపైన టమాటా పులుపు, ఉప్పు తెలుస్తాయి. చేదు ఆఖరున వస్తుంది, వచ్చి కాసేపు నాలుక మీద ఉండిపోతుంది. మన ఇళ్లలో కాకరకాయకు ఉప్పు రాసి పిండుతాం, మజ్జిగలో ఉడకబెడతాం, చింతపండు బెల్లం వేసి పులుసు పెడతాం, లేదా ఎర్రగా వేయించి ఉల్లికారం కూరుతాం. ఇవన్నీ చేదును లొంగదీసుకునే ఉపాయాలు. ఫిలిప్పీన్స్ వంటలో చేదుకు విస్తట్లో చోటిస్తారు. ప్రేమ విఫలమై ఆ ఉక్రోషం వదలని మనిషిని అక్కడి కుర్రకారు 'ఆంపలాయా' అని పిలుస్తారు. అలా పిలిచినవాళ్లే మధ్యాహ్నం అదే కాయను వేయించిన చేపతో, అన్నంతో ఇష్టంగా తింటారు.

ఈ చేదు మీద మమకారం అన్నిటికన్నా ఎక్కువ ఇలోకోస్ ప్రాంతంలో. లుజోన్ దీవికి వాయవ్య అంచున, కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుకైన నేల అది. అక్కడి పినక్‌బెట్ అనే కూర తినకుండా ఆంపలాయా గురించి పూర్తిగా తెలిసిందని నేను అనను. విగాన్ పట్టణంలో ఒక ఇంట్లో అది వండుతుంటే పక్కన కూర్చుని చూశాను. చిట్టి కాకరకాయలను, చిన్న వంకాయలను మనం గుత్తివంకాయకు కోసినట్టే నాలుగు పక్షాలుగా చీల్చారు, తొడిమ దగ్గర విడిపోకుండా. నాకు ఒక్కసారి మా అమ్మమ్మ కత్తిపీట గుర్తొచ్చింది. అడుగున టమాటా, అల్లం, ఉల్లి, వెల్లుల్లి. పైన వంకాయ, బెండ, పొడుగు చిక్కుళ్లు, అన్నిటికీ పైన కాకర. దాని మీద 'బగోంగ్', అంటే చిన్న చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టిన ముద్ద, నీళ్లలో పలచన చేసి పోశారు. మూత పెట్టాక ఇక గరిటె లేదు. కుండను రెండు చేతులతో పట్టుకుని కుదపడమే. కూరగాయలు వాటి నీటిలోనే మగ్గి ముడతలు పడేదాకా ఉంచుతారు. పినక్‌బెట్ అనే పేరుకు ఇలోకానో భాషలో ముడుచుకుపోయినది అనే అర్థం. మనీలా వైపు ఇదే కూరలో గుమ్మడి ముక్కలు చేర్చి, చేపల ముద్ద బదులు రొయ్యపొట్టు ముద్ద వేస్తారు. అది తియ్యగా ఉంటుంది, నాకు ఇలోకోస్‌దే ఇష్టం. మన కోస్తాలో వంకాయలోనో దోసకాయలోనో ఎండురొయ్యలు వేసుకునే ఇళ్లవాళ్లకు ఆ రుచి కొత్తగా అనిపించదు, కాకపోతే బగోంగ్‌కు ఊరిన వాసన ఘాటు.

ఇక పోషకాల సంగతి. వంద గ్రాముల పచ్చి కాకరకాయలో 94 గ్రాములు నీరే. 17 కేలరీలు, సుమారు 3 గ్రాముల పీచు, 84 మిల్లీగ్రాముల విటమిన్ సి, 72 మైక్రోగ్రాముల ఫోలేట్, 300 మిల్లీగ్రాములకు దగ్గరగా పొటాషియం ఉంటాయి. పెద్దవారైన ఆడవారికి రోజుకు 65 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. అంటే పచ్చి కాయ లెక్కన ఒక్క పూట కూర ఆ అవసరాన్ని దాటేస్తుంది. కానీ ఈ విటమిను వేడికి తగ్గుతుంది, నీటిలోకి జారిపోతుంది. కాకర ముక్కలను ఉడికించి నీళ్లు వార్చేస్తే 84 కాస్తా 33 దగ్గరికి వస్తుంది. తీతా వంటలో నాకు నచ్చేది ఇదే. ముక్కను ఉడికించి వార్చరు, నాలుగు నిమిషాల్లో దింపేస్తారు, వదిలిన రసం టమాటాతో కలిసి కూరలోనే ఉంటుంది. అక్కడ కూడా ఉప్పు రాసి పిండేవాళ్లు ఉన్నారు. ఆకుపచ్చ రసం గిన్నెలోకి దిగి తొట్టిలో పారబోస్తుంటే నాకు బాధగా ఉంటుంది. చేదుతో పాటు పోతున్నది మనం తినాలనుకున్నదే, ముక్కకు మిగిలేది అదనపు ఉప్పు.

ఒక మనిషి తినే కూరను లెక్క వేద్దాం. వంద గ్రాముల కాకరకాయ, ఒక గుడ్డు, చిన్న టమాటా, సగం ఉల్లిపాయ, రెండు చిన్న చెంచాల నూనె. అన్నీ కలిపి 200 కేలరీలకు అటూ ఇటూ. అందులో దాదాపు 85 నూనెవి, 70 గుడ్డువి. మాంసకృత్తులు 8 గ్రాముల దాకా వస్తాయి, వాటిలో 6 గ్రాములు గుడ్డు ఇచ్చినవే. హాస్టల్లో ఉండి ఇడ్లీ, నూడుల్స్‌తో రోజులు గడిపే పిల్లకు కూరగాయ, గుడ్డు ఒకే పళ్లెంలో దొరకడం చిన్న విషయం కాదు. అందుకే తినమంటున్నాను. పంది మాంసం ముక్కలు వేసి వండిన రకం కూడా అక్కడ మామూలే. అది తినేవాళ్లకు కొవ్వు పెరుగుతుంది. మీ అమ్మాయి తినకపోతే ముందే అడిగి తెలుసుకోమనండి, ఎందుకంటే శాకాహారంలా కనిపించే కూరలో కూడా రొయ్యపొట్టు ముద్దో చేపల రసమో ఉండే అవకాశం ఎక్కువ.

రక్తం పడుతుందన్న మాట దగ్గర కాస్త ఆగాలి. నీరసంగా కనిపించిన ఆడపిల్లకు ఆంపలాయా పెట్టమని అక్కడ ప్రతి అమ్మమ్మా చెబుతుంది. కాయలో ఇనుము వంద గ్రాములకు అర మిల్లీగ్రాము కూడా లేదు. మన ఆడవారికి రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. ఈ లెక్కన కాయతో రక్తహీనత తీరదు. అయితే ఆ అమ్మమ్మల మాటలో ఒక నిజం ఉంది, అది కాయలో కాకుండా ఆకులో ఉంది. లేత కాకర ఆకులో ఇనుము 2 మిల్లీగ్రాములు, మాంసకృత్తులు 5 గ్రాములు. ఆ ఆకును వాళ్లు పెసలతో వండుతారు. పెసలను అక్కడ 'ముంగో' అంటారు. ఉడికిన పెసల్లో గిసా కలిపి, దింపే ముందు గుప్పెడు కాకర ఆకు వేసి మూత పెడతారు. ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో శుక్రవారం మాంసం మానే ఆచారం నుంచి, శుక్రవారం అంటే ముంగో అన్న అలవాటు స్థిరపడింది. పెసల్లో ఇనుము ఉంది, టమాటాలోనూ ఆకులోనూ ఉన్న విటమిన్ సి ఆ ఇనుము ఒంటికి పట్టడానికి సాయం చేస్తుంది. మన ఇళ్లలో కాకర తీగ పెరట్లో అల్లుకుని ఉన్నా ఆకు వైపు చూడం. పెసరపప్పులో తోటకూర వేసినట్టే నాలుగు లేత చివుళ్లు వేసి చూడండి, చేదు పప్పులో చక్కగా కలిసిపోతుంది. మీ అమ్మాయి నిజంగా నీరసంగా ఉంటే మాత్రం హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి, తక్కువుంటే ఇనుము మాత్రలు వేసుకోవాలి.

ఈ కూరలో నన్ను కలవరపెట్టేది ఉప్పు. ఉప్పదనం కోసం అక్కడ ఇందులో 'పతీస్' వేస్తారు, అంటే బగోంగ్ ఊరుతున్నప్పుడు తేరే రసం. బగోంగ్‌కు మూడు పాళ్ల చేపకు ఒక పాలు ఉప్పు వేయడం పాత పద్ధతి. ఒక పెద్ద చెంచా పతీస్‌లో సుమారు 1,400 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ పెట్టిన హద్దు 2,000. కాకరకాయ ఇచ్చిన పొటాషియం మేలును ఒక్క చెంచా ఇలా మింగేస్తుంది. మధుమేహంతో పాటు రక్తపోటు ఉన్న ఇంట్లో ఇది తప్పక చూసుకోవాలి. రెండో చిక్కు అన్నం. భోజనశాలలో కప్పుతో బోర్లించిన తెల్లన్నం ఒకటి ఇస్తారు, కూర కొంచెం, చాలామంది రెండోది, మూడోది అడుగుతారు. చేదు కూర తిన్నాం కదా అన్న ధైర్యంతో అన్నం పెరిగితే రక్తంలో చక్కెర అన్నాన్నే అనుసరిస్తుంది. మన ఇళ్లలోనూ అంతే. కాకరకాయ కారంతో కలిపిన నాలుగు ముద్దలు ఎనిమిది అవుతాయి.

ఇప్పుడు గుళికలు. కాకరకాయలో చరాంటిన్ అనే పదార్థం ఉంది, ఇన్సులిన్‌ను పోలిన ఒక ప్రొటీను కూడా ఉంది. ప్రయోగశాలలో ఇవి చక్కెరను తగ్గించిన మాట నిజం. కానీ ప్రొటీను తింటే కడుపులో జీర్ణమైపోతుంది, అందుకే కదా ఇన్సులిన్‌ను సూదితో ఇస్తారు. మనుషుల మీద ఏం తేలిందన్నది ముఖ్యం. ఫిలిప్పీన్స్ ఆరోగ్య శాఖ తాను ఆమోదించిన పది మూలికల జాబితాలో ఆంపలాయాను చేర్చింది. 2003లో రుజువులు చాలవని దాన్ని జానపద వైద్యం స్థాయికి దించింది, 2007లో తిరిగి పైకి తెచ్చింది. ఆ 2007లోనే మనీలాలోని ఫిలిప్పీన్ జనరల్ హాస్పిటల్‌లో జరిగిన పరీక్ష ఫలితాలు అచ్చయ్యాయి. 40 మంది మధుమేహులు, మూడు నెలలు, కొందరికి కాకర గుళికలు, కొందరికి అదే రూపంలో ఉత్తి గుళికలు. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీలో తేడా 0.22 శాతం మాత్రమే, అదీ యాదృచ్ఛికం కాదని చెప్పలేనంత తక్కువ. 2011లో థాయ్‌లాండ్‌లో జరిగిన మరో పరీక్షలో రోజుకు 2,000 మిల్లీగ్రాముల కాకర పొడి కొంత పని చేసింది, కానీ 1,000 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్‌కు సాటి రాలేదు. 2012లో, వైద్య పరీక్షల ఫలితాలను సమీక్షించే కాక్రేన్ సంస్థ నాలుగు పరీక్షలను, 479 మందిని కలిపి చూసి, మధుమేహానికి కాకరను సిఫారసు చేయడానికి ఆధారం చాలదని తేల్చింది. నాకు కాకరకాయ అంటే ప్రాణం. అయినా ఈ అంకెలు చూసిన తర్వాత ఒక రోగి చేతిలో గుళికలు పెట్టలేను. ఆ దేశంలో అమ్మే ఇలాంటి సీసాల మీద ఇది మందు కాదు, రోగానికి వాడవద్దు అనే హెచ్చరిక వాళ్ల భాషలోనే ముద్రించి ఉంటుంది. మీ అమ్మాయిని అది చదివి చూడమనండి.

మీవారి విషయంలో ఇంకో కారణం ఉంది. గ్లిమెపిరైడ్ క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ వదిలేలా చేస్తుంది. దానికి తోడు గాఢమైన కాకర సారం పడితే చక్కెర ఒక్కోసారి మరీ కిందికి జారవచ్చు. చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, మాట తడబడటం కనిపిస్తే అదే. పరగడుపున కాకర రసం తాగుతూ, ఇదే మాత్ర వేసుకుని, ఉదయం నడకలో కూలబడిన పెద్దాయనను నేను చూశాను. ఇంట్లో ఎవరికీ ఆయన తాగుతున్న రసం గురించి డాక్టరుకు చెప్పాలని తోచలేదు. కూరలో ఉండే మోతాదుకు ఆ భయం అక్కరలేదు. రసానికి, పొడికి, గుళికకు ఉంది.

మరో మూడు జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను. కాకర గింజల్లో వైసిన్ అనే పదార్థం ఉంది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువ ఉన్నవారికి దానివల్ల ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమయ్యే ప్రమాదం ఉంది. ఫిలిప్పీన్స్‌లో నవజాత శిశువులకు చేసే పరీక్షల్లో ఈ లోపం కూడా ఒకటి. మన దగ్గర చాలామందికి అది ఉందో లేదో తెలియదు, కాబట్టి ముదురు గింజలు తీసేసి వండడం మేలు. గర్భిణులు కాకర రసం, సారం, గింజలు పూర్తిగా మానాలి. శస్త్రచికిత్స ఉన్నవాళ్లు, దానికి రెండు వారాల ముందునుంచి ఇలాంటి సారాలు ఏవీ వాడకూడదు.

ఇంట్లో వండుకోవడానికి మీకు పతీస్ అవసరం లేదు. లేత కాయలు రెండు తీసుకుని గింజలు తీసి, పైన చెక్కు తీయకుండా పలచగా కోయండి. చేదు మరీ భయపెడితే ఉప్పు నీళ్లలో పది నిమిషాలు ఉంచి కడగండి, పిండవద్దు. మూకుడులో రెండు చెంచాల నూనె, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఒక ఉల్లిపాయ, బాగా పండిన నాటు టమాటాలు రెండు. మన కాయకు చేదెక్కువ కాబట్టి పులుపు కొంచెం పెంచాలి. టమాటా గుజ్జయ్యాక ముక్కలు వేసి, చిటికెడు ఉప్పు చల్లి, మూత పెట్టకుండా నాలుగు నిమిషాలు కదపకుండా వదిలేయండి. రెండు గుడ్లు గిలకొట్టి పోసి, గట్టిపడగానే దింపండి. తినే అలవాటు ఉంటే ఒక చెంచా ఎండురొయ్యల పొట్టు వేయించి వెల్లుల్లితో పాటే వేయండి, ఉప్పు ఇంకా తగ్గించవచ్చు.

మీవారికి ఈ కూర పెట్టిన రోజు అన్నాన్ని ఒక్కసారిగా సగం చేయకండి. గ్లిమెపిరైడ్ వేసుకునేవారికి అది మంచిది కాదు. మొదట పావు వంతు తగ్గించి, ఆ మేరకు కూర పెంచండి. భోజనం మొదలైన రెండు గంటలకు ఇంట్లోని గ్లూకోమీటరుతో చూసి రాసుకోండి. మామూలు కూరతో, మామూలు అన్నంతో మరో రోజు అదే సమయానికి చూడండి. ఇలా రెండు వారాలు రాసిన కాగితాన్ని డాక్టరుకు చూపిస్తే, మాత్ర మోతాదు మార్చాలో లేదో ఆయన చెప్పగలుగుతారు.